చెక్క నగరం పోయాక మిగిలిన చాంగాన్: షియాన్‌లో నా అనుభవం

చైనాకు విహారయాత్రకు వెళ్ళే మనవాళ్ళు సాధారణంగా బీజింగ్, షాంఘై నగరాలకు ఎక్కువ సమయం కేటాయించి, మధ్యలో షియాన్‌లో దిగి, మట్టి సైనికుల బొమ్మలు చూసుకుని వెంటనే తిరుగు రైలెక్కుతారు. షియాన్‌కు అంతకంటే చాలా ఎక్కువ సమయం ఇవ్వాలని నేను బయలుదేరక ముందే నిశ్చయించుకున్నాను. హాన్, సుయి, తాంగ్ వంశాలకు రాజధానిగా వెలిగిన చాంగాన్ ఇదే. తాంగ్ వంశం ఏలిన 618–907 మధ్య కాలంలో ప్రపంచంలోని అతి పెద్ద నగరాల్లో ఇది ఒకటి. కృష్ణా తీరంలోని మన ధాన్యకటకాన్ని చూసి వెళ్ళిన హుయాన్ త్సాంగ్ చివరకు చేరుకున్న ఊరు కూడా ఇదే. అయితే ఆ తాంగ్ నగరంలోని భవనాలు దాదాపు అన్నీ కలపతో కట్టినవి. 904లో ఝూ వెన్ అనే సేనాధిపతి చక్రవర్తిని బలవంతంగా లువోయాంగ్‌కు తరలిస్తూ, ఇక్కడి రాజభవనాలనూ ఇళ్ళనూ విప్పించి, ఆ దూలాలనూ స్తంభాలనూ వేయ్ నదిలో తేలవేసి పంపించాడు. కాబట్టి చాంగాన్‌ను చూడాలని వచ్చినవారు మట్టిలో, ఇటుకలో, రాతిలో మిగిలినదాన్ని వెతుక్కోవలసిందే. నేను ఈ ఊరిని ఆ దృష్టితోనే చూశాను.

ముందుగా ఏర్పాట్ల గురించి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ టికెట్ల సంగతి తేలకుండా ఏ ప్రణాళికా నిలబడదు. ముఖ్యమైన ప్రదర్శనశాలలకు టికెట్టు మన పేరు మీద, పాస్‌పోర్ట్ నంబరుతో ముందుగా తీసుకోవాలి. ద్వారం దగ్గర పాస్‌పోర్ట్ చూపితేనే లోపలికి వదులుతారు. అందువల్ల హోటల్ గదిలో పాస్‌పోర్ట్ భద్రంగా దాచుకునే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, అది ఎప్పుడూ వెంట ఉండాలి. డబ్బు చెల్లింపులు దాదాపు అన్నీ ఫోన్ మీదే నడుస్తాయి కనుక, ఇంట్లో ఉండగానే అలీపే యాప్ దించుకుని, మన క్రెడిట్ కార్డును దానికి జత చేసి పెట్టుకున్నాను. మెట్రో రైలు మొదలుకుని రోడ్డు పక్క పండ్ల బండి వరకు అది పనిచేసింది. గూగుల్ పటాలు అక్కడ అందవు, కనుక గావ్‌ద అనే అక్కడి పటాల యాప్‌ను వాడాను. బీజింగ్ పశ్చిమ స్టేషన్ నుంచి షియాన్ ఉత్తర స్టేషన్‌కు దాదాపు 1,200 కిలోమీటర్లు. వేగవంతమైన రైలు ఆరు గంటల లోపే చేరుస్తుంది. ఆ స్టేషన్ కిందనే మెట్రో రెండో లైన్ ఉంది. అది నగరం నడిబొడ్డున ఉన్న గంట గోపురం మీదుగా తిన్నగా దక్షిణానికి పోతుంది. నేనూ నా భార్యా ఆ గంట గోపురానికి దగ్గరలో, కోట గోడ లోపల బస చేశాము. చూడవలసినవాటిలో సగం అక్కడి నుంచి నడక దూరంలో ఉండడం వల్ల అది ఎంతో సదుపాయంగా తోచింది.

మొట్టమొదట కోట గోడ ఎక్కాము, మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా సలహా. ఇప్పుడు కనిపించే గోడ తాంగ్ కాలానిది కాదు. మింగ్ వంశపు తొలి చక్రవర్తి హయాంలో 1370వ దశకంలో కట్టించారు. చుట్టుకొలత దాదాపు 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. పైభాగం రెండు లారీలు పక్కపక్కనే పోగలిగినంత వెడల్పు. లోపల దిమ్మిస కొట్టి గట్టిపరచిన మట్టి, బయట ఇటుక తొడుగు. దక్షిణాన ఉన్న యోంగ్‌నింగ్ ద్వారం దగ్గర మెట్లెక్కి, పైన అద్దెకు ఇచ్చే సైకిళ్ళు తీసుకుని చుట్టూ తిరిగాము. పాత ఇటుకల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది కాబట్టి తీరిక చేసుకుని, బురుజు బురుజుకీ ఆగుతూ వెళ్ళడం మేలు. అలా ఆగినప్పుడే గోడ పైభాగం లోపలివైపుకు కొద్దిగా వాలుగా ఉన్న సంగతి గమనించాను. వాన నీరు ఆ వాలు మీదుగా లోపలి అంచుకు చేరి, అక్కడక్కడా నిలువుగా కట్టిన ఇటుక తూముల గుండా కిందికి జారిపోతుంది. నీరు ఇంకితే లోపలి మట్టి ఉబ్బి గోడ పగులుతుంది. ఆరు వందల ఏళ్ళకు పైగా ఈ గోడ నిలబడడానికి ఆ చిన్న వాలు కూడా ఒక కారణమని నిలబడి చూస్తే అర్థమవుతుంది.

గోడను ముందుగా చూడమనడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ గోడ చుట్టివచ్చినది మొత్తం తాంగ్ చాంగాన్‌ను కాదు. 904 విధ్వంసం తరువాత, పాత నగరంలో ప్రభుత్వ కార్యాలయాలు ఉండిన రాజనగర భాగాన్ని మాత్రమే మళ్ళీ కోటగా చేసుకున్నారు. మింగ్ వారు దాన్నే ఉత్తరానికీ తూర్పుకీ పెంచారు. తాంగ్ నగరం వైశాల్యం దాదాపు 84 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి గోడ లోపలి ప్రాంతానికి ఏడు రెట్లు. నూటికి పైగా పేటలు, ఒక్కొక్క పేటకు దాని గోడ, నగరం నడుమ దాదాపు 150 మీటర్ల వెడల్పుతో జూచ్వే రాజవీధి. దక్షిణ గోడ మీద జూచ్వే ద్వారం దగ్గర నిలబడి దక్షిణానికి చూస్తే అదే పేరుతో ఒక మామూలు రోడ్డు భవనాల మధ్యగా పోతూ కనిపిస్తుంది. గోడ మీద అంత దూరం సైకిల్ తొక్కి అలసిన కాళ్ళకు, దీనికి ఏడు రెట్ల నగరం అంటే ఏమిటో పుస్తకంలో చదివినదానికంటే బాగా తెలిసివచ్చింది.

మరునాడు మహా హంస గోపురానికి వెళ్ళాము. మెట్రో మూడు, నాలుగు లైన్లు కలిసే స్టేషన్‌కు దాని పేరే పెట్టారు. ఈ గోపురం ఇప్పటి గోడకు బయట, దక్షిణాన చాలా దూరంలో ఉంటుంది, కానీ తాంగ్ కాలంలో ఇది నగరం లోపలే ఉండేది. ఇది ఉన్న త్స-ఎన్ ఆలయాన్ని 648లో యువరాజు తన తల్లి స్మృతికి కట్టించాడు. అతడే తరువాత గావ్‌జోంగ్ చక్రవర్తి అయ్యాడు. హుయాన్ త్సాంగ్ 629లో బయలుదేరి, మన దేశమంతా తిరిగి, 645లో చాంగాన్‌కు వచ్చినప్పుడు ఇరవై గుర్రాల మీద 657 గ్రంథాలు తెచ్చాడు. వాటిని అగ్నిప్రమాదం నుంచి కాపాడడానికి ఈ ఆలయంలో 652లో గోపురం కట్టించారు. మొదట కట్టినది అయిదంతస్తులది, లోపల మట్టి, పైన ఇటుక. అది కొద్ది దశాబ్దాలకే పాడైపోగా 701–704 మధ్య సామ్రాజ్ఞి వూ జతియెన్ కాలంలో పూర్తిగా ఇటుకతో తిరిగి కట్టారు. ఇప్పుడున్న ఏడంతస్తుల రూపం ఎత్తు 64 మీటర్లకు పైమాటే. ఆలయ ప్రాంగణానికి ఒక టికెట్టు, గోపురం ఎక్కడానికి వేరొక టికెట్టు ఉన్నాయి. ఎక్కడం మానకండి, చెక్క మెట్ల మీదుగా ఒక్కొక్క అంతస్తుకు చేరి, నాలుగు దిక్కుల కమాను కిటికీల్లోంచి చూస్తే ఆ నగరం గీత గీసినట్టు తిన్నగా ఎలా పరచుకుందో తెలుస్తుంది.

ఇక్కడ ఎక్కువమంది ఆగకుండా దాటిపోయే చోటు ఒకటి ఉంది. గోపురం అడుగున పడమటి ద్వారం మీద ఒక రాతి పలకను అమర్చారు. దాని మీద సన్నని గీతలతో బుద్ధుడు ధర్మం చెబుతున్న దృశ్యం చెక్కి ఉంది. ఆ బుద్ధుడు కూర్చున్నది తాంగ్ కాలపు చెక్క మండపంలో. స్తంభాలు, వాటి మీద ఒకదానిపై ఒకటి పేర్చిన చెక్క దిమ్మలు, ముందుకు చాచుకుని వచ్చిన చూరు, పెంకుల వరుసలు, అన్నీ వడ్రంగి గీసుకున్న నమూనాలాగా స్పష్టంగా ఉన్నాయి. నగరంలోని నిజమైన మండపాలన్నీ పోగా, వాటి కట్టుబడి ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యంగా వాస్తు చరిత్రకారులు ఈ గీతలనే ఆశ్రయించారు. నేను చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడిపోయాను. దక్షిణ ద్వారానికి రెండు పక్కల గూళ్ళలో రెండు నల్లరాతి ఫలకాలు ఉన్నాయి: హుయాన్ త్సాంగ్ అనువాదాలకు అప్పటి చక్రవర్తి, గావ్‌జోంగ్ తండ్రి అయిన తాయ్‌జోంగ్ రాసిన పీఠిక ఒకటి, యువరాజుగా గావ్‌జోంగ్ రాసినది మరొకటి. అక్షరాలు ఆనాటి ప్రసిద్ధ లేఖకుడు చూ సుయ్‌ల్యాంగ్ చేతివి, 653 నాటివి.

మనకు ఆ గోపురంతో ఉన్న సంబంధం ఊహించి అల్లుకున్నది కాదు. తిరిగివచ్చాక 646లో పూర్తయిన తన యాత్రా వృత్తాంతంలో హుయాన్ త్సాంగ్ ఆంధ్ర దేశాన్నీ ధాన్యకటకాన్నీ వేరువేరుగా వర్ణించాడు. ఆంధ్రుల భాష మధ్యదేశపు (మధ్య భారతపు) భాష కంటే వేరుగా ఉన్నా, అక్షరాల రూపం మాత్రం చాలావరకు ఒకటేనని రాశాడు. ధాన్యకటకంలో ఆరామాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రమే వాడుకలో ఉన్నాయని, నగరానికి తూర్పున పూర్వశైల విహారం, పడమట అపరశైల విహారం ఉన్నాయని చెప్పాడు. అక్కడ కొన్ని నెలలు ఉండి మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి తత్త్వశాస్త్రమైన అభిధర్మాన్ని చదువుకున్నాడు కూడా. కృష్ణ ఒడ్డున ఆయన నేర్చినది ఈ ఊరికి చేరి, ఇక్కడ చైనా భాషలోకి మారే పనిలో కలిసిపోయింది. ఆలయం లోపల ఆయన ప్రయాణ మార్గాన్ని చూపే చిత్రాల ముందు నిలబడి, దక్షిణాన ఆ గీత ఎక్కడ మలుపు తిరుగుతుందో నా భార్యకు చూపించినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం లేదనుకుంటాను.

చిన్న హంస గోపురం 707–709 నాటిది, ఇత్సింగ్ అనే బౌద్ధ యాత్రికుడు మన దేశం నుంచి, సముద్ర దేశాల నుంచి తెచ్చిన గ్రంథాలను అనువదించిన జ్యెన్‌ఫు ఆలయంలో ఉంది. భూకంపాల దెబ్బకు పై అంతస్తులు పోయి, పదిహేనింటిలో పదమూడు మిగిలాయి. పెద్దదాని చుట్టూ ఉన్న జనం, ఫౌంటెన్లు, దుకాణాలు ఇక్కడ లేవు, పాత చెట్ల నీడలో తీరికగా కూర్చోవచ్చు. సొగసులో నాకు ఇదే మిన్నగా అనిపించింది.

షియాన్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది శిలాఫలకాల అరణ్యం అని పిలిచే బేయ్‌లిన్ ప్రదర్శనశాల. దక్షిణ గోడకు ఆనుకునే ఉంటుంది. 837లో పూర్తయిన 'కైచెంగ్ శిలాగ్రంథాలు' ఇక్కడి ముఖ్య సంపద: కన్ఫ్యూషియస్ సంప్రదాయపు పన్నెండు గ్రంథాలు, 114 రాళ్ళు, రెండు వైపులా చెక్కిన దాదాపు ఆరున్నర లక్షల అక్షరాలు. నకలు రాసుకునేవారి తప్పులు పేరుకుపోకుండా, సరైన పాఠం ఇదీ అని విద్యార్థులు వచ్చి సరిచూసుకోవడానికి రాజధానిలోని విద్యాపీఠంలో వీటిని నిలబెట్టారు. నగరం కుంచించుకుపోయినప్పుడు ఇవి కోట బయట అనాథగా మిగిలాయి. తరువాత లోపలికి తెచ్చి, 1087లో ఇప్పుడున్న చోటికి చేర్చారు. ప్రదర్శనశాల తన పుట్టుకను ఆ సంవత్సరం నుంచే లెక్కిస్తుంది. రాళ్ళు మనిషికంటే ఎత్తుగా, గోడల్లాగా వరుసలు తీరి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో నడుస్తుంటే ఒక గ్రంథాలయం లోపల తిరుగుతున్నామన్న స్పృహ కలుగుతుంది. వేరొక గదిలో 781 నాటి ఫలకం ఒకటి ఉంది. పడమటి దేశాల నుంచి వచ్చిన తూర్పు క్రైస్తవ శాఖ చైనాలో స్థిరపడిన కథను చైనా, సిరియాక్ లిపుల్లో చెబుతుంది, శిఖరాన చిన్న శిలువ గుర్తు ఉంటుంది. ఒక మూల పనివారు తడి కాగితాన్ని రాతికి అంటించి, గుడ్డ మూటతో సిరా అద్ది అక్షరాల అచ్చు తీస్తున్నారు. పల్లంగా చెక్కిన అక్షరం కాగితం మీద తెల్లగా మిగులుతుంది. మన శాసన పరిశోధకులు కూడా శాసనాల అచ్చు తీసేది ఇంచుమించు ఈ పద్ధతిలోనే.

అక్కడే శిల్పాల గదిలో తాయ్‌జోంగ్ సమాధి వద్ద నిలిపిన ఆరు యుద్ధాశ్వాల పలకలు ఉన్నాయి. నాలుగు మాత్రమే అసలువి. రెండు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పెన్ ప్రదర్శనశాలకు చేరాయి, వాటి స్థానంలో ఇక్కడ నకళ్ళు పెట్టారు. మిగిలిన నాలుగింటినీ కూడా 1918లో తరలించడానికి ముక్కలు చేశారు, ఆ అతుకులు ఇప్పటికీ గుర్రాల మెడల మీద, పొట్టల మీద అడ్డంగా కనిపిస్తాయి. అమరావతి శిల్పాలను చెన్నైలో కొన్ని, లండన్‌లో కొన్ని చూడవలసివచ్చే మనకు ఈ గది ముందు నిలబడితే కలిగే బాధను వేరుగా వివరించనక్కరలేదు. ఆ రెండు పలకలు తమ తోటి నాలుగింటి పక్కకు తిరిగి రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

షాన్‌షీ చరిత్ర ప్రదర్శనశాలకు ఉచిత టికెట్లు విడుదలైన కొద్దిసేపటికే అయిపోతాయి. మాకు దొరకలేదు, కనుక తాంగ్ కుడ్యచిత్రాల ప్రత్యేక గదికి డబ్బు పెట్టి టికెట్టు కొన్నాము. ఆ ఖర్చు పూర్తిగా సార్థకమైంది. 706లో సమాధి చేసిన రాకుమారుల సమాధుల గోడల నుంచి ఒలిచి తెచ్చిన చిత్రాలవి. పోలో ఆట, వేట, విదేశీ రాయబారులు అందరి దృష్టినీ లాగుతాయి. నేను మాత్రం యీద యువరాజు సమాధిలోని జంట ద్వార గోపురాల ముందు ఎక్కువసేపు నిలిచాను. ఎర్రని స్తంభాలు, మూడు మెట్లుగా తగ్గుతూ పోయిన పైకప్పులు, వెనుక కొండలు. హంస గోపురం రాతి పలక మీద గీతలుగా చూసినది ఇక్కడ రంగుల్లో కనిపించింది.

మట్టి సైనికులను చూడడానికి మెట్రో ఒకటో లైన్‌లో తూర్పు చివరి స్టేషన్‌లో దిగి, తొమ్మిదో లైన్‌కు మారి, హువాచింగ్ స్టేషన్ నుంచి బస్సెక్కాము. టికెట్టు 120 యువాన్లు. మొదటి సామ్రాట్టు సమాధి గుట్ట ఉన్న లీషాన్ ఉద్యానం కూడా అందులోనే వస్తుంది. ఉదయం తలుపులు తెరిచే వేళకు చేరకపోతే, బొమ్మలు దొరికిన గుంటల్లో ఒకటో గుంట ముందు వరుసలో నిలబడడానికే చాలాసేపు పడుతుంది. ఆ సామ్రాట్టు చిన్ షి హువాంగ్ క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకం చేసి, 210లో మరణించాడు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు ఈ బొమ్మలు బయటపడ్డాయి. ఒకటో గుంట 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. బొమ్మల గొప్పతనం గురించి అందరూ రాశారు, దాన్ని నేను మళ్ళీ చెప్పను. బొమ్మల వరుసల మధ్య నిలిచిన మట్టి గట్లను కూడా చూడమని మాత్రం అడుగుతాను. వాటి పైభాగం అలలు అలలుగా ఉంటుంది. ఒకప్పుడు ఆ గట్ల మీద అడ్డంగా దుంగలు పరచి, చాపలు, మట్టి వేసి కప్పు కట్టారు. కప్పు కాలి, కూలి సైనికుల మీద పడింది. దుంగలు పోయినా వాటి గుండ్రని ముద్రలు మట్టిలో నిలిచిపోయాయి. గుంట వెనుక భాగంలో ముక్కలను అతుకుతున్న నిపుణుల పని కూడా కనిపిస్తుంది. ఒక్కొక్క బొమ్మ వెనుక ఎంత ఓపిక ఉందో అక్కడే బోధపడుతుంది. రెండో గుంటలో దొరికిన మోకాలి మీద కూర్చున్న విలుకాడిని అద్దాల పెట్టెలో ఉంచారు. వెనుకకు వెళ్ళి చూస్తే అతని చెప్పు అడుగున కుట్టిన చుక్కలు కూడా తెలుస్తాయి.

సాయంకాలాలు గంట గోపురానికి పడమరగా ఉన్న హుయీ ముస్లింల పేటలో గడిపాము. అక్కడి మహా మసీదు 1392 నాటి కట్టడం. చైనా ఆలయంలాగా ఆవరణ తరువాత ఆవరణగా, నీలి పెంకుల చూరులతో ఉంటుంది, కానీ ఆలయాలు సాధారణంగా దక్షిణానికి తిరిగి ఉంటే ఇది తూర్పు నుంచి పడమరకు, మక్కా దిశగా సాగుతుంది. ప్రార్థనా మందిరంలోకి ఇతరులకు ప్రవేశం లేదు, బయటి నుంచి చూడవచ్చు. వీధిలో ఎక్కువ మాంసాహారమే అయినా, శాకాహారులు ఇబ్బంది పడనక్కరలేదు. లియాంగ్‌పి అనే చల్లని నూడుల్స్, పెర్సిమన్ పండ్ల అప్పాలు దొరుకుతాయి. వెడల్పాటి నూడుల్స్ మీద కారం పొడి వేసి, పైన సలసల కాగే నూనె పోసే వంటకం మన తాలింపు చప్పుడుతో, వాసనతో బల్ల మీదికి వస్తుంది. మాంసం వద్దన్న మాటను ఫోన్‌లో చైనా లిపిలో రాసి పెట్టుకుని చూపించడం అన్నిచోట్లా పనిచేసింది.

చివరగా మెట్రో నాలుగో లైన్‌లో దామింగ్ రాజప్రాసాదపు శిథిలాలకు వెళ్ళాము. తాంగ్ చక్రవర్తులు రెండు వందల ఏళ్ళకు పైగా నివసించిన చోటు ఇది; ఇప్పుడు విశాలమైన మైదానం. దక్షిణాన దాన్‌ఫెంగ్ ద్వారం స్థానంలో కొత్తగా పెద్ద కట్టడం లేపి, దాని లోపల అయిదు దారుల పాత మట్టి పునాదులను కాపాడుతున్నారు. బయటి రూపం కొత్త కట్టడమని చూడగానే తెలుస్తుంది కనుక దాన్ని నేను తప్పుపట్టను, లోపలి మట్టిని వానా ఎండా తాకకుండా ఉంచడమే ముఖ్యం. హన్‌యువాన్ సభామందిరం ఉన్న ఎత్తైన వేదిక మీద మాత్రం ఏమీ కట్టలేదు, స్తంభాలు నిలిచిన చోట్లను గుర్తులతో చూపి వదిలేశారు. ఆ నిర్ణయం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అప్పటికే రాతి పలకనూ కుడ్యచిత్రాలనూ చూసి వచ్చినవారు ఆ గుర్తుల మీద మండపాన్ని తామే నిలబెట్టుకోగలరు. అందువల్ల దామింగ్‌ను మొదటి రోజున కాక చివరన పెట్టుకోండి. నీడ తక్కువ కాబట్టి ఉదయమో సాయంత్రమో వెళ్ళి, నడవడానికి తగినంత సమయం ఉంచుకోండి.